సున్నం గీత పక్కన పందొమ్మిదేళ్లు

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని. ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు ఇబ్బంది ఉండదు. పందొమ్మిదేళ్లు ఫుట్‌బాల్ ఆడాను. పదకొండు జట్లకు ఆడాను. అన్నిట్లోనూ నాది కుడి వింగే. అంటే మైదానం కుడి అంచున, సున్నం గీతను ఆనుకుని బంతితో పరిగెత్తాలి, అవతలివాళ్ల గోలు దాకా పోవాలి, అక్కడి నుంచి నడుమ ఉన్నవాళ్లకు బంతి అందించాలి. గోలు కొట్టేది వాళ్లు. పేపర్లో పేరొచ్చేదీ వాళ్లకే. ఈ దేశంలో ఆ పని నాకన్నా బాగా చేసిన ఆడవాళ్లు లేకపోలేదు. ముగ్గురో నలుగురో ఉన్నారు. వాళ్లెవరో నాకు తెలుసు గానీ చెప్పను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచాను, ఇంట్లో మాత్రం ఓడిపోతూ వచ్చాను. మా అవ్వ, అంటే మా అమ్మ, మొన్నటిదాకా నా ఆట ఒక్కసారి కూడా చూడలేదు. చూసే వీలు లేక కాదు, చూడనని పట్టుబట్టి కూర్చుంది. ఆ పట్టు విడిపించడానికి నేను పడ్డ పాట్లు ఏ కోచ్ దగ్గరా పడలేదు. కప్పులు, మెడల్స్ వచ్చాయి, సంతోషమే. కానీ అవ్వ వచ్చి గ్రౌండు పక్కన కూర్చుని నా ఆట చూడాలి, చూసి బాగుందనాలి. ఇన్నేళ్లూ నా మనసులో ఉన్నది అదొక్కటే.

మాది బెల్లంపల్లి. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో ట్రామర్‌గా చేసేవాడు. నేల కింద బొగ్గు నింపిన టబ్బులను పట్టాల మీద నెట్టుకొచ్చే పని. అంతకుముందు మా వాళ్లది పెద్దపల్లి పక్కన ఒక పల్లె. ఉన్న భూమి పంపకాల్లో చీలి చీలి బాపు వాటాకు గట్టు తప్ప ఏమీ మిగల్లేదట. ఆయన రైలెక్కి బాయికి వచ్చాడు. నేను పుట్టింది కంపెనీ క్వార్టర్‌లో. క్వార్టర్ల వెనక గ్రౌండు, గ్రౌండుకు ఒక పక్కన నాలా. బాయిలోంచి తోడిపోసిన నీళ్లూ, కాలనీ మురుగూ కలిసి అందులో పారేవి. మా ఇంటి గడపలో కూర్చుంటే గ్రౌండులో ఎవరు ఎవరిని తిడుతున్నారో వినపడేది.

అక్కడ ఆడేది మగపిల్లలు. సాయంత్రం పూట పదకొండో మనిషి దొరక్కపోతే నన్ను పిలిచేవాళ్లు. పిలిచి కుడి పక్కన, నాలా వైపు నిలబెట్టేవాళ్లు. ఎందుకో నాకు రెండో రోజే తెలిసిపోయింది. బంతి నాలాలో పడితే ఎవరో ఒకరు దిగి తేవాలి. ఆ ఎవరో ఒకరు నేను. మోకాళ్ల దాకా నల్లటి నీళ్లలో దిగి, బంతి తెచ్చి, మళ్లీ నా చోట్లో నిలబడేదాన్ని. మొదటి నెలంతా ఆడింది తక్కువ, దిగింది ఎక్కువ. తరువాత నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే ఏడవను, లెక్క సరిచేస్తాను. బంతి గీత దాటితే దిగాల్సింది నేనే కాబట్టి గీత దాటనివ్వడం మానేశాను. గీతకు జానెడు ఇవతల బంతిని ఆపడం, అక్కడే తిప్పడం, ఎదురొచ్చినవాడిని నాలా వైపు పంపించి నేను లోపలి వైపు తప్పుకోవడం నేర్చుకున్నాను. ఆరు నెలల్లో నాలాలో దిగే పని నన్ను ఆపడానికి వచ్చినవాళ్లదైంది. తరువాత పెద్ద పెద్ద కోచ్‌లు నా కాలి పనితనం చూసి ఇది ఎవరు నేర్పారని అడిగేవాళ్లు. నాలా నేర్పిందని చెప్తే నమ్మేవాళ్లు కాదు.

ఈ సంగతి అవ్వకు ఏనాడూ చెప్పలేదు. చెప్తే ఆమె అనుమానానికి బలం దొరికేది.

ఆడపిల్లకు ఆటలేంటని అవ్వ ఎన్నడూ అనలేదు. చెప్పుకోవాల్సిన మాట ఇది. లాగూ వేసుకుని ఉరుకుతుందని పక్క క్వార్టర్ల వాళ్లు అంటే, మీ కాళ్లు కావుగదా అని వాళ్ల నోళ్లు మూయించింది. నా బట్టల బురద ఉతికింది. మక్కజొన్న గటక పోసి పంపించింది. అవ్వ కోపమంతా నేను ఆడే చోటు మీద. దానికి మూలం ఒక పెళ్లి ఫోటో.

నాకు తొమ్మిదేళ్లప్పుడు పల్లెలో పెద్దబాపు బిడ్డ పెళ్లి జరిగింది. వాళ్లకు కాలువ కింద మడులు ఉన్నాయి, ఇటుకల ఇల్లు ఉంది. మేము వాళ్ల లెక్కలో బొగ్గుబాయోళ్లం. పెళ్లి అయ్యాక ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఫోటో తీశారు. అవ్వ వెళ్లి నడుమ, తన తోడికోడలు పక్కన నిలబడింది. ఎవరో వచ్చి జర పక్కకు జరుగమన్నారు. జరిగింది. ఇంకొకరు వచ్చి ఇంకా జరుగమన్నారు. అట్లా జరిగి జరిగి చివరికి పోయింది. మూడు నెలల తరువాత మేము మళ్లీ పోతే ఆ ఫోటో ఫ్రేమ్ కట్టి గోడకు ఉంది. అందులో అవ్వ లేదు. కుడి చివరన ఒక మోచేయి, ఆరు గాజులు ఉన్నాయి. ఆ గాజులు తనవేనని అవ్వ మెల్లగా అంది. ఆనాటి నుంచి ఆమెకు ఒక నమ్మకం పాతుకుపోయింది. అంచుకు నిలబెట్టినవాళ్లంటే అక్కరలేనివాళ్లు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మా అవ్వ. నాలుగో కాలు చూపించినా అది తోక అంటుంది.

నేను స్కూలు జట్టులో చేరాను, జిల్లా జట్టులోకి వచ్చాను. అవ్వ అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. నేను హైదరాబాద్‌లో మొదటి క్లబ్బుకు, పదిహేడేళ్ల వయసులో, ఆడుతున్నప్పుడు మా జట్టు ఫోటో పేపర్ జిల్లా పేజీలో పడింది. బాపు నాలుగు పేపర్లు కొనుక్కుని ఇంటికొచ్చాడట. విప్పి చూస్తే ఫోటోలో పది మంది నిండుగా ఉన్నారు. పక్కన ఎరువుల దుకాణం ప్రకటన. ఆ ప్రకటనకు చోటు కావాలని ఫోటోను కుడి పక్కన కత్తిరించారు. కుడి పక్కన ఉన్నది నేను. నావి ఒక మోకాలు, ఒక బూటు పడ్డాయి. అవ్వ ఆ మోకాలి మీద వేలు పెట్టి చాలాసేపు చూసిందని బాపు చెప్పాడు. ఆ ఆదివారం నేను ఇంటికి పోతే నా ముందు అన్నం పెట్టి, నేను మొదటి ముద్ద కలిపే లోపే అడిగింది.

"నిన్ను రోజు ఆడిచ్చేటప్పుడు గూడ అంచుకే నిలవెడ్తరా?"

అవునన్నాను. అదే నా చోటని, దాన్ని వింగ్ అంటారని చెప్పాను. పేరు ఏదైతేనేం అంచు అంచే కదా అంది. ఆ తరువాత అన్న మాటతోనే పందొమ్మిదేళ్ల పేచీ మొదలైంది.

"నేను అంచుకు నిలవడ్డ. అది నాతోని అయిపోవాలె. నిన్ను నడుమ వెట్టిన్నాడు చెప్పు బిడ్డా, నేనే నడిచివస్త. గప్పటిదాంక నన్ను పిలువకు."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి అన్నం తిన్నాను.

ఆ తరువాత నేను పోని చోటు లేదు. గోవాలో ఒక సీజన్ ఆడాను, కోళికోడ్‌లో ఒకటి, భువనేశ్వర్‌లో రెండు. ఇంఫాల్ పోయాను, కోల్‌కతా పోయాను, నాగపూర్ జట్టుకు గెస్ట్ ప్లేయర్‌గా రైలు దిగిన గంటకే గ్రౌండులోకి దిగాను. చుట్టాలు నన్ను కుదురులేని పిల్ల అనేవాళ్లు. వాళ్ల కొడుకులు గల్ఫ్‌లో నాలుగు కంపెనీలు మారితే అనుభవం, నేను నాలుగు జట్లు మారితే కుదురులేకపోవడం. ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఎట్లా నడుస్తుందో వాళ్లకేం తెలుసు. క్లబ్బు మనల్ని మూడు నెలలకో నాలుగు నెలలకో తీసుకుంటుంది. సీజన్ అయిపోగానే జట్టు ఉండదు, మళ్లీ ఎక్కడో ఎవరో పిలవాలి. పిలిచారంటే మన ఆట వాళ్లకు గుర్తున్నట్టు. నన్ను పది సార్లు పిలిచారు. నేను ఎవరి గుమ్మం ముందూ నిలబడి అడగలేదు, ఈ మాట రాసేటప్పుడు కూడా నా మెడ కొంచెం నిక్కుతోంది.

ప్రతి జట్టులో మొదటి వారం కష్టం. భాష రాదు, తిండి పడదు. భువనేశ్వర్‌లో నీళ్లు పోసిన అన్నం పెట్టి, ఇది మా ఒడియావాళ్ల ప్రత్యేకం అని గొప్పగా చెప్పారు. మా ఇంట్లో రోజూ పొద్దున తినేది అదే అని చెప్పి రెండు పళ్లేలు తిన్నాను, ఆ రోజు నుంచి వాళ్లు నన్ను పరాయిదానిలా చూడలేదు. అవ్వ కట్టిచ్చిన చింతకాయ తొక్కు డబ్బా ఎక్కడికి పోయినా నాతో ఉండేది. గోవాలో డిఫెండర్ ఒకామె ఆ తొక్కు కోసం ప్రాక్టీసులో నాకు గట్టిగా తగలకుండా వదిలేసేది. అవ్వ ఆటకు రాలేదు గానీ తొక్కు మాత్రం ప్రతి జట్టులో ఆడింది.

ఇంఫాల్‌లో మాత్రం నాకు మనసు చివుక్కుమనేది. అక్కడ ఆడవాళ్ల మ్యాచ్ అంటే తల్లులు వస్తారు. గొడుగులు వేసుకుని, తినడానికి ఏవో పొట్లాలు కట్టుకుని గట్టు మీద బారుగా కూర్చుంటారు. బిడ్డ బంతి వదిలేస్తే కోచ్ కన్నా ముందు తల్లి తిడుతుంది. నేను అద్దెకున్న ఇంటి ముసలామె తన బిడ్డ కోసం వచ్చి, నేను బంతి పట్టినప్పుడు కూడా లేచి అరిచేది. ఆమె అరుపు వింటుంటే అవ్వ గొంతు ఎట్లా ఉంటుందో ఊహించుకునేదాన్ని. మ్యాచ్ అయ్యాక బాత్‌రూంలో కుళాయి విప్పి ఏడ్చాను, ఒకసారి కాదు.

అవ్వ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. తిన్నావా అన్నది మొదటి ప్రశ్న. నడుమ పెట్టారా అన్నది రెండోది. లేదంటే, సరే బిడ్డా పైలం అని పెట్టేసేది. బాపు ఎన్నోసార్లు ఆమెకు సర్దిచెప్పాలని చూశాడు. ఆయన వచ్చి నా మ్యాచ్‌లు చూసేవాడు, హైదరాబాద్‌లో మూడు, నాగపూర్‌లో ఒకటి చూశాడు. ఆయనకు ఆట రూల్సు పూర్తిగా తెలియవు గానీ నా పని ఏమిటో నాకన్నా బాగా అర్థమైంది. ఒకసారి నేను ఇంట్లో ఉండగానే ఆ వాదన జరిగింది.

"బొగ్గు కొట్టేటోడు ఎంత కొడితే ఏమొచ్చె? టబ్బు నూకెటోడు లేకుంటే గా బొగ్గు బాయిలనే ఉంటది," అన్నాడు బాపు. "నీ బిడ్డ జేసేది టబ్బు నూకే పనే."

"నువ్వు ముప్పై ఏండ్లు నూకినవ్," అంది అవ్వ. "ఒక్కనాడన్న నీ పేరు జెప్పిన్రా?"

బాపు బీడీ వెతుక్కుంటూ బయటకు పోయాడు. ఆయన మోకాళ్లు అప్పటికే పోయాయి, చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేని స్థితికి వస్తున్నాడు. అవ్వ అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే బాధ.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కోల్‌కతాలో కోచ్ నన్ను సెంటర్ ఫార్వర్డ్ ఆడమన్నాడు. అంటే నడుమ. ఆ సీజన్‌లో ఆ చోట్లో ఆడే అమ్మాయికి దెబ్బ తగిలింది. నేను సరే అని ఉంటే, ఆ సాయంత్రమే అవ్వకు ఫోన్ చేసి ఉంటే, ఆమె బాపును వెంటబెట్టుకుని రెండు రైళ్లు మారి వచ్చి ఉండేది. నేను ఒప్పుకోలేదు. నా చోటు కుడి వింగ్ అన్నాను. ఇంత పేరు తెచ్చుకున్న చోటును వదిలి, అవ్వ మెప్పు కోసం వేరే చోట్లో అడుక్కున్నట్టు నిలబడటం నాకు నచ్చలేదు. అవ్వ కుందేలుకు మూడు కాళ్లయితే నా కుందేలుకూ మూడే. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పలేదు.

ఇప్పుడు నేను జైనూర్ దగ్గర ఒక హాస్టల్ స్కూల్లో పీఈటీని. కాంట్రాక్టు ఉద్యోగం. పెద్ద ఆట మానేసి మూడేళ్లైంది, కాళ్లు ఇంకా మాట వింటాయి. చుట్టుపక్కల గుట్టల్లోని గూడేల నుంచి వచ్చిన ఆడపిల్లలు నా దగ్గర ఆడతారు. వాళ్లలో ఒకమ్మాయి ఉంది, పదో తరగతి. గోలు ముందు నిలబడితే బంతి ఆమెను వెతుక్కుంటూ వస్తుంది. నేను అందరినీ తిడతాను, ఆమెను మాత్రం తిట్టడానికి ఏమీ దొరకదు.

మొన్న చలికాలంలో బెల్లంపల్లి కంపెనీ పెద్ద గ్రౌండు నుంచి పిలుపు వచ్చింది. బాయి జట్ల టోర్నమెంటు ఫైనల్‌కు ముందు ఆడవాళ్ల మ్యాచ్ ఒకటి పెడుతున్నారు. ఉమ్మడి ఆదిలాబాద్‌కూ ఉమ్మడి కరీంనగర్‌కూ. ఆ గ్రౌండులో ఆడవాళ్లు ఆడటం అదే మొదటిసారి. మా జట్టును చూసుకునే బాధ్యత నాకే ఇచ్చి, కెప్టెన్‌గా ఆడమని కూడా అడిగారు. నాకు ముప్పై ఆరేళ్లు. ఇదే ఆఖరి మ్యాచ్ అని నాకు తెలుసు. బాపు రిటైరయ్యాక మేము మారిన ఇల్లు ఆ గ్రౌండుకు అర కిలోమీటరు, అవ్వ రాకపోతే ఇక ఎప్పటికీ రాదు.

రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఫోన్ చేసి, నడుమనే ఆడుతున్నానని అవ్వకు చెప్పాను. ఎన్ని గంటలకు అని అడిగింది. అంతే. అబద్ధం చెప్పలేదు నేను. ఎవరు ఎక్కడ ఆడాలో రాసే కాగితం నా చేతిలో ఉంది. నా పేరు నడుమ రాసుకున్నాను. నడుమ ఆడాల్సిన జైనూర్ పిల్ల పేరును కుడి వింగ్‌లో రాశాను. పందొమ్మిదేళ్ల పొగరు అట్లా ఒక్క గీతతో దించుకున్నాను. పిల్లకు కారణం చెప్పలేదు. మేడం రాసింది కాబట్టి ఆమె తలూపింది.

అవ్వ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. షామియానా కింద ముందు వరుసలో, సరిగ్గా నడిమి గీత ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్కన చేతికర్రతో బాపు. మా పాత క్వార్టర్ల ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. నేను వార్మప్ చేస్తుంటే నడుమ ఉన్నది నా బిడ్డనే అని అవ్వ వాళ్లకు చూపిస్తోంది. ఆ వేలు చూస్తే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

విజిల్ ఊదాక తెలిసింది ఏం కావాలో. నడుమ నాకు ఏమీ చేతకాలేదు. ఆ చోట్లో గోలుకు వీపు పెట్టి నిలబడాలి, వెనక నుంచి వచ్చే తోపులు కాయాలి. నాకు ఒక పక్కన గీత ఉంటేనే లోకం అర్థమవుతుంది, నాలుగు దిక్కుల నుంచీ మనుషులు వస్తుంటే సంతలో తప్పిపోయినట్టు ఉంది. అర గంటలో బంతిని నాలుగుసార్లు తాకి ఉంటాను. షామియానా ముందు అంచున మా పిల్ల నిలబడి ఉంది. బంతి వస్తే ఏం చేయాలో తెలియక వెనక్కి ఇచ్చేస్తోంది, లేదా గీత దాటించేస్తోంది. జనం నవ్వుతున్నారు. కరీంనగర్‌వాళ్లు ఒక గోలు కొట్టారు. ఆ నవ్వులు నాకు నడుమ దాకా వినపడ్డాయి.

సగం ఆట అయ్యాక అందరం నీళ్లు తాగుతున్నాం. పిల్ల నా దగ్గరకు వచ్చి తల ఎత్తకుండా అడిగింది.

"నేనేం తప్పు జేసిన మేడం? నన్నెందుకు పక్కకు వెట్టిన్రు?"

నా పిల్ల కూడా అదే అనుకుంది. నన్ను నాలా వైపు నిలబెట్టిన మగపిల్లల మీద నాకు ఎంత కోపం వచ్చిందో నాకే తెలుసు, ఇప్పుడు ఆ పని నేనే చేశాను. పైగా అవ్వ కోసం చేశాను. అవ్వ చెంత కూర్చున్న ఆడవాళ్లను చూశాను, అవ్వను చూడలేకపోయాను. తప్పు నీది కాదు నాది అని పిల్లకు చెప్పాను. రెండో సగంలో నువ్వు గోలు ముందు నిలబడు, నీ కాలి ముందుకు బంతి తెచ్చే పని నాది అన్నాను. ఆ తరువాత అవ్వ లేచి వెళ్లిపోయినా సరే అనుకున్నాను. నిజంగా సరే అనుకోలేదు. కానీ పోయి నా చోట్లో నిలబడ్డాను.

రెండో సగంలో జట్లు దిక్కులు మారతాయి కాబట్టి కుడి వింగ్ ఇప్పుడు షామియానాకు అవతలి పక్కన పడింది. అక్కడ నీడ లేదు, కుర్చీలు లేవు, తాడు కూడా కట్టలేదు. ఫైనల్ కోసం వచ్చిన మగవాళ్లు బైకులు ఆపుకుని గీత మీదే నిలబడ్డారు. అటు పోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. అవ్వ నన్నే చూస్తోంది. ముఖంలో ఏముందో అంత దూరం నుంచి తెలియలేదు. ఇంక అటు చూడదలచుకోలేదు.

నా ఆట నాకు తిరిగి వచ్చింది. మొదటి బంతికే కరీంనగర్ డిఫెండర్‌ను, ఇరవై ఏళ్ల పిల్ల, నా కన్నా రెండింతలు వేగం, గీత వైపు పంపించి నేను లోపలి నుంచి తప్పుకున్నాను. ఆమె పోయి ఒక బైకును పట్టుకుని ఆగింది. రెండోసారి ఆమె లోపలి వైపు కాచుకుంది, నేను గీత మీదుగా పోయాను. మూడోసారి ఏం చేయాలో ఆమెకు తోచలేదు. గోలు దగ్గరకు పోయి నేల మీద నుంచి అడ్డంగా కొట్టాను. మా పిల్ల కాలు పెట్టింది. ఒకటికి ఒకటి. ఆమె నా వైపు ఉరికి వచ్చి నన్ను ఎత్తేసింది, నేను బరువున్నానని కూడా చూడలేదు.

ఆ మ్యాచ్ రెండు ఒకటితో గెలిచాం. రెండో గోలు సంగతి అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ నేను చెబుతూనే ఉంటాను. ఇక్కడ చెప్పాల్సింది దానికి ముందు జరిగిన ముచ్చట.

గోలు పడ్డాక జనానికి ఉత్సాహం వచ్చింది. గీత మీద ఉన్నవాళ్లు గీత దాటి లోపలికి వచ్చారు. వాళ్ల కాళ్ల కింద సున్నం చెరిగిపోయింది, నాకు దారి సన్నగిల్లింది. ఒకసారి బంతి ఎవడి బూటుకో తగిలి పోయింది. లైన్‌మన్‌కు చెప్పాను, ఆయన చేతులు ఊపాడు, ఎవరూ కదల్లేదు. నేను నోటికి వచ్చింది అంటున్నాను. ఇంతలో మూల జెండా వైపు జనంలో ఏదో గడబిడ మొదలైంది. మనుషులు ఒక్కొక్కరే ఎగిరి వెనక్కి దూకుతున్నారు.

వాళ్ల నడుమ ఆకుపచ్చ చీర కనిపించింది. అవ్వ. చేతిలో బాపు చేతికర్ర. రెండో సగం మొదలై నేను ఇటు వచ్చేయగానే ఆమె బాపు చేతిలోంచి కర్ర లాక్కుని లేచిందట. ఎక్కడికని ఆయన అడిగితే చెప్పలేదట. మెట్లు ఎక్కొద్దని డాక్టర్ చెప్పిన మోకాళ్లతో గోలు వెనక నుంచి, ఆగి ఆగి నా ఆట చూస్తూ, గ్రౌండంతా చుట్టి ఇటు వచ్చింది. వచ్చి గీత వెంట నడుస్తూ, లోపలికి వచ్చిన ప్రతివాడి కాలి మీదా కర్రతో ఒకటి తగిలిస్తోంది. ఫైనల్ ఆడాల్సిన జెర్సీవాళ్లను కూడా వదల్లేదు.

"ఎన్కకు జరుగున్రి. గిది నా బిడ్డ ఉరికే తొవ్వ."

దెబ్బ తిన్న యువకుడు ఒకడు కాలు రుద్దుకుంటూ, గ్రౌండు అంత పెద్దగా ఉంది కదా, మీ బిడ్డను నడుమ నుంచి ఉరకమనరాదా అన్నాడు. ఆ మాట కోసమే ఆమె పందొమ్మిదేళ్లు కాచుకుని కూర్చుంది.

అవ్వ నా వైపు చూడలేదు. వాడినే కింది నుంచి పై దాకా చూసింది.

"నడుమ ఎవలన్న ఉరుకుతరు," అంది. "గీ అంచుకు ఉరుకుమను, ఎవలు ఉరుకుతరో సూస్త."